రోగికి ఆకాశమార్గం

విమానం ఎక్కిన ప్రయాణికుడు కుర్చీలోనుండి కదలకుండానే ఒక కొండ ఎక్కుతాడు. విమానం 35,000 అడుగుల ఎత్తున పోతున్నా, లోపలి గాలి ఒత్తిడి 8,000 అడుగుల కొండమీది ఒత్తిడికంటె తగ్గకుండా యంత్రాలు కాపాడుతూ ఉంటవి. ఉదకమండలం, అనగా ఊటీ పట్టణం, సుమారు 7,350 అడుగుల ఎత్తున ఉన్నది. కావున విమాన ప్రయాణమంటే ఊటీకంటె కొంచెం ఎత్తయిన చోటికి అరగంటలో చేరుకొనడమన్నమాట. ఆరోగ్యవంతునికి ఈ సంగతి తెలియనే తెలియదు. గుండెగాని ఊపిరితిత్తులుగాని బలహీనపడినవానికి ఇది చిన్న విషయం కాదు. ఏ రోగిని ఈ కొండ ఎక్కించవచ్చును? ఎవరిని ఆపవలెను? ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకడానికి నూరేండ్లకు పైగా పట్టినది.

పలుచని గాలి

1862 సెప్టెంబరు 5వ తేదీన ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్‌నుండి జేమ్స్ గ్లేషర్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు, హెన్రీ కాక్స్‌వెల్ అనే బెలూన్ చోదకుడు ఆకాశంలోకి లేచారు. చాలా ఎత్తుకు పోయిన తరువాత గ్లేషర్‌కు చూపు మందగించినది. చేతులు స్వాధీనం తప్పినవి. చివరకు స్పృహ కూడా పోయినది. కాక్స్‌వెల్ చేతులు చలికి కొయ్యబారిపోగా, వాయువును విడిచే తాడును పళ్ళతో పట్టి లాగి బెలూన్‌ను క్రిందికి దించినాడు.

1875 ఏప్రిల్ 15వ తేదీన ఫ్రాన్సులో జరిగిన యాత్ర ఇంత సుఖంగా ముగియలేదు. “జెనిత్” అనే బెలూన్‌లో టిస్సాండియే, సివెల్, క్రోసే-స్పినెల్లి అనే ముగ్గురు 8,000 మీటర్లకు పైగా ఎగిరారు. వారివద్ద ఆమ్లజని, అనగా ఆక్సిజన్, కలిపిన గాలి సంచులు ఉన్నవి. కాని అవసరమైన వేళకు చెయ్యి చాచి వాటిని అందుకొనే శక్తి లేకపోయినది. టిస్సాండియే ఒక్కడే ప్రాణాలతో దిగినాడు.

ఈ చావులకు కారణమేమిటో శాస్త్రీయంగా నిరూపించినవాడు పాల్ బెర్ట్ అనే ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. గాలి ఒత్తిడిని తగ్గించగల గదులలో ఎన్నో పరీక్షలు చేసి, ఆయన 1878లో ఒక గ్రంథం ప్రకటించినాడు. ఎత్తు పెరిగినా గాలిలో ఆమ్లజని పాలు మారదు. అది ఎల్లప్పుడూ నూటికి సుమారు 21 వంతులే. మారేది దాని ఒత్తిడి. సముద్రతీరాన గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసమైతే, అందులో ఆమ్లజని వంతు 159. ఎనిమిదివేల అడుగుల ఎత్తున మొత్తం ఒత్తిడి 565కు, ఆమ్లజని వంతు 118కి దిగిపోతుంది. సముద్రతీరాన ఉండి, 15 శాతం మాత్రమే ఆమ్లజని గల గాలిని పీల్చడంతో ఇది సమానం.

ఈ లోటును ఆరోగ్యవంతుడు ఎట్లా తట్టుకొంటున్నాడు? రక్తంలోని హిమోగ్లోబిన్ ఒక విచిత్రమైన పదార్థం. ఊపిరితిత్తులలో ఆమ్లజని కొంత తగ్గినా అది మొదట తన పట్టు విడువదు. ఒక హద్దు దాటిన తరువాతనే వేగంగా విడుస్తుంది. ఆరోగ్యవంతుడు ఆ హద్దుకు చాలా ఎగువన ఉంటాడు. దీర్ఘకాలంగా ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్నవాడు నేలమీదనే హద్దు దగ్గర ఉంటాడు. ఇద్దరూ ఒకే విమానంలో ఒకే గాలి పీల్చినా, ఒకడు నిద్రపోతాడు, మరొకడు ఎగరోజుతాడు.

ఒత్తిడి తగ్గితే మరొక చిక్కు ఉన్నది. ఒకచోట బంధించబడిన గాలి ఉబ్బుతుంది. విమానంలో ఈ ఉబ్బు మూడవ వంతు వరకు ఉంటుంది. చెవులు దిబ్బడ వేయడానికి కారణమిదే. క్రొత్తగా శస్త్రచికిత్స జరిగిన కడుపులోగాని, గాయపడిన ఊపిరితిత్తి చుట్టుగాని గాలి నిలిచి ఉంటే, అది దిబ్బడతో పోదు. క్రొత్తగా వేసిన పట్టీ క్రింద గాలి ఉబ్బి కాలిని బిగించవచ్చునని, విరిగిన కాలికి వేసిన పిండికట్టును కూడా నిలువునా చీల్చి పంపడం వాడుకలోకి వచ్చినది.

నర్సులు, పీడన గదులు

ఆస్ట్రేలియాలో 1928 మే నెలలో, జాన్ ఫ్లిన్ అనే మతాచార్యుని పట్టుదలవల్ల, క్లాన్‌కరీ పట్టణంనుండి మొదటి “ఎగిరే వైద్యుని” విమానం బయలుదేరినది. అక్కడ వైద్యుడే రోగివద్దకు విమానంలో పోయేవాడు. మామూలు ప్రయాణికుల విమానాలలోకి కూడా వైద్యజ్ఞానం నర్సుల రూపంలో ప్రవేశించినది. 1930 మే 15వ తేదీన అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు బోయింగ్ వారి ప్రయాణ విమానంలో మొదటి పరిచారికగా పని ప్రారంభించినది. ఆమెతోపాటు చేర్చుకొన్న మరి ఏడుగురు కూడా నర్సులే. రెండవ ప్రపంచయుద్ధంలో నర్సులు సైన్యానికి కావలసివచ్చి, ఈ నియమం సడలినది.

ఆ కాలపు విమానాలలో లోపలి గాలికీ వెలుపలి గాలికీ తేడా లేదు. 1945లో హైదరాబాదులో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ వారు బేగంపేటనుండి నడిపిన డకోటా విమానాలు కూడా ఇట్టివే. లోపలి గాలిని ఒత్తిడితో నింపిన మొదటి ప్రయాణ విమానం బోయింగ్ వారి స్ట్రాటోలైనర్. అది 1940లో నడవనారంభించినది.

అట్లయితే లోపల సముద్రతీరపు ఒత్తిడినే ఎందుకు ఉంచరాదు? దీనికి జవాబు లోహంలో ఉన్నది. విమానం పైకి పోయినప్పుడల్లా దాని ఒళ్ళు బుడగవలె ఉబ్బి, దిగినప్పుడల్లా ముడుచుకొంటుంది. 1952లో ప్రయాణికులతో నడక ప్రారంభించిన కామెట్ జెట్ విమానాలలో రెండు, 1954 జనవరి 10న ఎల్బా ద్వీపం వద్ద, ఏప్రిల్ 8న నేపుల్స్ వద్ద, ఆకాశంలోనే విచ్ఛిన్నమైనవి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీటి తొట్టిలో ఉంచి, వేలసార్లు ఒత్తిడి పెంచి తగ్గించి చూడగా, అలసిన లోహం చీలిపోయినది. లోపలి ఒత్తిడి ఎంత ఎక్కువైతే ఒళ్ళు అంత గట్టిగా, అంత బరువుగా ఉండవలెను. కనుక 8,000 అడుగులనేది మనిషి శరీరానికీ విమానపు శరీరానికీ మధ్య కుదిరిన ఒప్పందం. కార్బన్ నారతో కట్టిన బోయింగ్ 787 విమానం 2011లో వచ్చిన తరువాత, అందులో ఈ కొండ 6,000 అడుగులకు దిగినది.

నేలమీదనే పరీక్ష

1984లో అమెరికాలో హెన్రీ గాంగ్, ఆయన సహచరులు ఒక సులువైన పరీక్షను ప్రకటించారు. రోగిచేత నేలమీదనే 15 శాతం ఆమ్లజని గల గాలిని కొంతసేపు పీల్పించి, రక్తంలోని ఆమ్లజనిని కొలుస్తారు. అది చాలినంత ఉంటే రోగి బయలుదేరవచ్చును. లేకపోతే ప్రయాణంలో ఎంత ఆమ్లజని అందించవలెనో తేల్చవచ్చును. నూరేండ్లనాడు పాల్ బెర్ట్ చెప్పిన సూత్రమే ఇక్కడ రోగికి అనుమతిపత్రమైనది. “వీనికి ఏమవుతుందో” అన్న భయం స్థానే ఒక అంకె వచ్చినది.

అయితే ఆమ్లజని సిలిండరు కూడా ప్రమాదమే. నిప్పును అది ప్రజ్వలింపజేస్తుంది. 1996 మే 11వ తేదీన అమెరికాలోని ఫ్లారిడాలో సామాను గదిలో ఉంచిన ఆమ్లజని జనక పరికరాలవల్ల మంటలు లేచి, ఒక విమానం కూలి 110 మంది మరణించారు. ఈ చిక్కును తీర్చినది చిన్న పెట్టెవంటి ఒక యంత్రం. అందులో జియోలైట్ అనే ఖనిజం గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుకొని, ఆమ్లజనిని వదులుతుంది. నిలువచేసిన వాయువు లేదు కనుక ప్రమాదం తక్కువ. 2005లో అమెరికా ప్రభుత్వం వీటిని విమానంలో వాడడానికి అనుమతించినది.

ముందు చూసుకొనకపోతే ఏమవుతుందో 1995 మేలో తెలిసినది. హాంకాంగ్‌నుండి లండన్ పోతున్న విమానంలో ఒక మహిళకు ఊపిరాడలేదు. విమానం ఎక్కేముందే ఆమె మోటారు సైకిలుమీదినుండి పడినది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి ఆమె ప్రాణంమీదికి తెచ్చినది. అదే విమానంలో ఉన్న ఆంగస్ వాలెస్ అనే శస్త్రవైద్యుడు, మరొక వైద్యుని సహాయంతో, మూత్రనాళానికి వాడే గొట్టాన్ని కోటు తగిలించే తీగతో నిటారుగా చేసి, బ్రాందీతో శుద్ధిచేసి, ఛాతీలోనికి దించి ఆ గాలిని బయటికి తీసినాడు. ఆమె బ్రతికినది. కాని ప్రతి విమానంలోనూ అట్టి వైద్యుడు ఉండడు.

రోగం వేరు, వైకల్యం వేరు

ఊపిరితిత్తుల జబ్బు గలవానిని విమానంలోని గాలి బాధిస్తుంది. కాళ్ళు లేనివానిని ఆ గాలి ఏమీ చేయదు. అతనికి కావలసినది దారి, చక్రాల కుర్చీ, ఒక చెయ్యి. అయినా చాలాకాలం ఇద్దరినీ ఒకే త్రాసులో తూచి, “వైద్యుని పత్రం తెమ్మని” తిప్పి పంపేవారు. ఇక్కడ పనికివచ్చినది పరీక్ష కాదు, చట్టం. అమెరికాలో 1986లో, అప్పటివరకు ఉన్న చట్టం చాలా విమాన సంస్థలకు వర్తించదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఆ సంవత్సరమే అక్కడి కాంగ్రెసు క్రొత్త చట్టం చేసినది. వైకల్యం కారణంగా ప్రయాణికునిపట్ల వివక్ష చూపరాదని అది శాసించినది.

మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2008లో ఇట్టి నియమాలు చేసినది. అయినను 2012లో కలకత్తాలో, మస్తిష్క పక్షవాతం గల ఒక మహిళను సీటులో కూర్చున్న తరువాత విమానంనుండి దింపివేశారు. ఆమె సుప్రీంకోర్టుకు పోయినది. 2016లో కోర్టు ఆమెకు 10 లక్షల రూపాయలు పరిహారంగా ఇప్పించినది. 2022లో నియమాలను సవరించి ఒక ముఖ్యమైన మాట చేర్చారు: వైకల్యం కారణంగా ఎవరినీ నిరాకరించరాదు, ప్రయాణంలో ఆరోగ్యం చెడిపోగలదని సంస్థకు తోస్తే, ఆ ప్రయాణికుని వైద్యునిచేత స్వయంగా పరీక్ష చేయించి, ఆ తరువాతనే నిర్ణయించవలెను.

ఈ కథలో విజ్ఞానానికి, చట్టానికి వేరువేరు పనులున్నవి. ఎవరికి గాలి చాలదో విజ్ఞానం చెపుతుంది. గాలి చాలినవానికి దారి అడ్డగించరాదని చట్టం చెపుతుంది. రోగి చేయవలసినది కూడా ఒకటున్నది. శస్త్రచికిత్స జరిగినా, గుండెజబ్బు వచ్చినా, ఆమ్లజని అవసరమున్నా, టిక్కెట్టు కొనేనాడే వైద్యునికీ విమాన సంస్థకూ చెప్పవలెను. దాచిపెట్టినంతమాత్రాన 8,000 అడుగుల కొండ చిన్నదికాదు. ముందుగా చెప్పినవానికి మాత్రం ఆ కొండ ఎక్కే ఉపాయం ఈనాడు చాలావరకు ఉన్నది.