చిన్న పెరట్లోకి దిగొచ్చిన పెద్ద చెట్టు

మా ఆవిడకి సంపెంగ చెట్టు కావాలి. ఇల్లు కొన్న రోజు నుంచీ ఇదే పాట. నార్త్ కారొలైనాలో మా ఊరి చలికి సంపెంగ బయట బతకదు. కుండీలో పెట్టి ఆర్నెల్లు ఇంట్లోకీ, ఆర్నెల్లు పెరట్లోకీ మోసే ఓపిక నాకు లేదు. రెండేళ్ళు వాదించుకున్నాక, మధ్యేమార్గంగా 'లిటిల్ జెమ్' అనే పొట్టి మాగ్నోలియా మొక్క తెచ్చి పెరటి మూల నాటాం. "ఇది కూడా సంపెంగకి చుట్టమేలే" అని సర్దిచెప్పబోయాను. "ఏ వైపు చుట్టం?" అంది. జవాబు వెతకబోయి చరిత్రలో పడ్డాను.

ముందు చుట్టరికం సంగతి తేల్చేద్దాం. ఫ్రాన్సులోని మాంపెలియేలో పియేర్ మాన్యోల్ (1638-1715) అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. మనుషులకున్నట్టే మొక్కలకీ కుటుంబాలుంటాయన్న ఆలోచనని 1689లోనే అచ్చువేయించిన మనిషి. 1703లో షార్ల్ ప్లూమియే అనే ఇంకో ఫ్రెంచాయన, మార్టినీక్ దీవిలో చూసిన ఒక చెట్టుకి గౌరవంగా మాన్యోల్ పేరు పెట్టాడు. అదే మాగ్నోలియా. (ఈ ప్లూమియే పేరు కూడా మన ఇళ్ళ ముందే ఉంది. దేవగన్నేరుని శాస్త్రం భాషలో ప్లుమేరియా అనేది ఆయన పేరు మీదే.)

మన సంపెంగకి 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు మిషేలియా చంపకా. ఇంటిపేరు ఇటలీ శాస్త్రజ్ఞుడు మిషేలీది, ఒంటిపేరు మన చంపకం. అలా రెండున్నర శతాబ్దాల పాటు సంపెంగ, మాగ్నోలియా వేర్వేరు ఇంటిపేర్లతో బతికాయి. ఈమధ్య డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఇద్దరిదీ ఒకటే ఇల్లని తేలింది. ఇప్పుడు సంపెంగని చాలామంది శాస్త్రజ్ఞులు మాగ్నోలియా చంపకా అనే అంటున్నారు. కాబట్టి మా ఆవిడకి నా జవాబు: పెదనాన్న పిల్లల వరస.

ఇక అసలు కథ. మా పెరట్లోది మాగ్నోలియా గ్రాండిఫ్లోరా అనే జాతి. అమెరికా ఆగ్నేయ తీరం దాని పుట్టిల్లు. మామూలుగా 60 నుంచి 80 అడుగులు పెరుగుతుంది. ఆకు పైన నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, కింద తుప్పు రంగు నూగు. చలికాలంలో కూడా మోడువారదు. పువ్వు అన్నం తినే పళ్ళెమంత ఉంటుంది. 1722లో కారొలైనాకి వచ్చి అడవులు తిరిగిన మార్క్ కేట్స్‌బీ లాంటి వాళ్ళ వల్ల ఇది ఇంగ్లండు దొరల తోటల్లోకి వెళ్ళింది. 1759లో లిన్నేయస్ దీనికి ఇప్పటి పేరు పెట్టాడు.

ఇంత పెద్ద చెట్టుకి ఇంత పెద్ద జాగా ఉండాలి కదా! అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ జాగా ఎవరికుంది? పత్తి, చెరకు తోటల యజమానులకి. అలా ఈ చెట్టు తెల్ల స్తంభాల భవనాలకి గుర్తుగా మిగిలిపోయింది. సినిమాల్లో, పోస్టుకార్డుల్లో "మాగ్నోలియాల దక్షిణాది" అని మురిసిపోతుంటారు. ఆ తోటల్లో గోతులు తవ్వి నీళ్ళు పోసిన బానిసల పేర్లు మాత్రం పోస్టుకార్డులో ఉండవు. 1939లో బిల్లీ హాలిడే 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాట రికార్డు చేసింది. నల్లవాళ్ళని కొట్టి చంపి చెట్లకి వేలాడదీయడం గురించిన పాట అది. అందులో మాగ్నోలియా వాసన ఊరికే రాలేదు.

అన్నిటికన్నా పేరున్న మాగ్నోలియా వైట్‌హౌస్‌లో ఉండేది. 1828 డిసెంబరులో భార్య రేచెల్ చనిపోతే, ఆమె గుర్తుగా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ నాటించాడని కథ. ఆ చెట్టు దశాబ్దాల పాటు 20 డాలర్ల నోటు వెనక బొమ్మలో కూడా కనిపించింది. 1994లో ఒక చిన్న విమానం వచ్చి కూలితే దాన్నీ తట్టుకుంది. చివరికి లోపల పుచ్చిపోయి, 2025 ఏప్రిల్లో కొట్టేశారు. విచిత్రం ఏంటంటే, జాక్సన్ నాటించాడన్న దానికి ఆ కాలపు కాగితాల్లో ఆధారం లేదని చరిత్రకారులే అంటారు. జాక్సన్ ఎస్టేటులో వందమందికి పైగా బానిసలుండేవారన్నది మాత్రం కాగితాల మీద ఉన్న నిజం.

దీనికి పూర్తిగా ఎదురు కథ మా పెరట్లో చెట్టుది. దీని పుట్టుక ఎవరూ పాడుకోరు గానీ, లెక్క మాత్రం ఉంది. ఇదే నార్త్ కారొలైనాలో కేండర్ అనే చిన్న ఊరు. అక్కడ నర్సరీ నడిపే వారెన్ స్టీడ్, 1952లో గింజ మొక్కల మధ్య ఒకదాన్ని గమనించాడు. ఆకులు చిన్నవి, కొమ్మలు దగ్గర దగ్గరగా, మనిషి మాత్రం పొట్టి. వేరే వాళ్ళయితే "ఇది ఎదగని మొక్క" అని పీకి పారేసేవాళ్ళు. ఆయన ఉంచాడు. అది 'లిటిల్ జెమ్' పేరుతో బయటికి వచ్చింది 1966లో. అంటే పద్నాలుగేళ్ళు! రెండు వారాలకో రిలీజు అని పరిగెత్తే మా బోటి వాళ్ళు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి :-)

ఇంకో విషయం. 'లిటిల్ జెమ్' గింజ నాటితే 'లిటిల్ జెమ్' వస్తుందని గ్యారంటీ లేదు. బంగినపల్లి టెంకె పాతితే బంగినపల్లే కాస్తుందా? ఇదీ అంతే. కొమ్మ కత్తిరించి వేర్లు పట్టించాలి, లేదా అంటు కట్టాలి. కాబట్టి మా ఊళ్ళో ఉన్నా, ఆస్ట్రేలియా వీధుల్లో ఉన్నా, నిఖార్సయిన 'లిటిల్ జెమ్'లన్నీ కేండర్‌లో ఆ రోజు పీకెయ్యకుండా వదిలేసిన ఒక్క మొక్క ముక్కలే.

టైము కూడా కలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో చిన్న ఇళ్ళ కాలనీలు మొదలయ్యాయి. న్యూయార్కు దగ్గర లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి 60 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు ప్లాట్లలో వేల ఇళ్ళు కట్టారు. అంత జాగాలో 80 అడుగుల చెట్టు పెడితే ఇల్లు ఎక్కడ పెట్టాలి? దొరల బంగళా చెట్టు గుమాస్తా ఇంటికి రావాలంటే పొట్టిదవ్వాల్సిందే. అలాగని అందరికీ వచ్చిందని చెప్పను. ఆ లెవిట్‌టౌన్‌లోనే ఇంట్లో నల్లవాళ్ళని ఉండనివ్వకూడదని మొదట్లో ఒప్పంద పత్రంలోనే రాసుకున్నారు. చెట్టు చిన్నదైనంత తేలిగ్గా మనుషుల గోడలు చిన్నవి కాలేదు.

దక్షిణాది చరిత్ర అంటే పెద్ద భవనం, పెద్ద చెట్టు, పెద్ద పేరు అన్నట్టు చెబుతారు. నాకేమో పొట్టి మొక్కని పీకకుండా ఆగిన ఆ నర్సరీ మనిషి చెయ్యి కూడా చరిత్రే అనిపిస్తుంది. ఆయన లేకపోతే, ఎక్కడో పుట్టి ఇక్కడ పావు ఎకరం కొనుక్కున్న మాలాంటి వాళ్ళ పెరట్లోకి ఈ చెట్టు వచ్చేది కాదు.

నాటుదామనుకునే వాళ్ళకి రెండు ముక్కలు. పేరులో 'లిటిల్' చూసి గోడని ఆనించి పెట్టకండి. ఇరవై ఏళ్ళలో ఇరవై అడుగుల ఎత్తు, పది అడుగుల వెడల్పు సులువుగా వస్తుంది. గోడకి కనీసం పది అడుగులు వదలండి. నేను మొదట నాలుగే వదిలి, మళ్ళీ తవ్వి జరిపాను, నడుం పట్టేసింది. వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి మొదట్లో తవ్వడం మాని, ఎండుటాకులో చెక్కపొట్టో పరచండి. ఏడాది పొడవునా ఆకు రాలుస్తుంది. కింది కొమ్మలు కొట్టెయ్యకపోతే ఆ చెత్త వాటికిందే దాక్కుంటుంది.

మొన్న వేసవిలో మొదటి పువ్వు పూసింది. గుప్పెడంత ఉంది, నిమ్మ వాసన కలిసిన తీపి వాసన. మా ఆవిడ వాసన చూసి, "సంపెంగ కాదు" అని తేల్చేసింది. మర్నాడు పొద్దున్న చూస్తే ఆ పువ్వు దేవుడి దగ్గర ఉంది.