కలుపు కాదు, పలుపు

ఎడిసన్‌ను ఆనుకుని ఉన్న పిస్కాటవే, న్యూజెర్సీ తెలుగువాళ్ళకు బాగా తెలిసిన ఊరే. అక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయం బుష్ ప్రాంగణంలో 1954లో ఒక సూక్ష్మజీవశాస్త్ర సంస్థ తెరుచుకుంది. ఇప్పుడది వాక్స్‌మన్ సంస్థ. 1943లో సెల్మన్ వాక్స్‌మన్ దగ్గర చదువుకుంటున్న ఆల్బర్ట్ షాట్జ్, మట్టిలో బతికే ఓ సూక్ష్మజీవి నుంచి క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ తీశాడు. ఆ మందు మీద వచ్చిన రాయల్టీలతోనే సంస్థ నిలబడింది. క్షయకు మందు దొరికిన ఆ తరానికి బాక్టీరియా అంటే పీకి పారేయాల్సిన కలుపు.

మన పేగుకు మాత్రం వేరే పద్ధతి ఉంది. దాని ఆనవాలు 1922లోనే దొరికింది. జిగట విరేచనాల రోగులను పరీక్షించిన ఆర్థర్ డేవీస్‌కు, రక్తంలోకంటే ముందు మలంలోనే యాంటీబాడీలు కనిపించాయి. 1959లో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ హెరెమాన్స్ ‘ఐజీఏ’ అనే రకాన్ని గుర్తించాడు. లాలాజలంలో, ముర్రుపాలలో ఉండే ఐజీఏ నిర్మాణం రక్తంలోని దానికి భిన్నమని 1965లో థామస్ టొమాసి బృందం తేల్చింది. పేగు గోడలోని పేయర్ గుంపులే ఐజీఏ కణాలకు పుట్టిల్లని 1971లో క్రెయిగ్, సెబ్రా కుందేళ్ళలో చూపించారు.

రోగం లేని రోజున కూడా పేగులోకి గ్రాములకొద్దీ ఐజీఏ దిగుతూనే ఉంటుంది. ఎవరి కోసం? 2002లో జపాన్‌లో సిడోనియా ఫగరసన్, తసుకు హోంజో బృందం ఐజీఏ తయారు చేయలేని ఎలుకలను పరిశీలించింది. వాటి చిన్నపేగులో ఆక్సిజన్ అక్కర్లేని బాక్టీరియా నూరింతలు పెరిగింది. 2014లో యేల్ శాస్త్రవేత్తలు ఐజీఏ దట్టంగా పట్టిన బాక్టీరియాను పేగువాపు రోగుల నుంచి ఏరి ఎలుకలకు ఇస్తే, వాటిలో వాపు ముదిరింది. అంటే తుంటరులెవరో ఐజీఏకు తెలుసు. 2018లో కాల్టెక్ నుంచి ఇంకో వింత బయటపడింది. బాక్టీరాయిడీస్ ఫ్రాజిలిస్ అనే మంచి బాక్టీరియా ఐజీఏను పట్టుకుని పేగు జిగురులో కాపురం పెడుతుంది.

ఐజీఏ చేసే పని కలుపుతీత కాదు. అది పలుపుతాడు. పొగరుబోతును చేలో పడకుండా ఆపుతుంది, పాడిపశువును కొట్టంలో నిలుపుతుంది.

మరి మందు పడితే ఆ తాడు ఏమవుతుంది? 2017లో మార్టిన్ బ్లేజర్ బృందం ఎలుక పిల్లలకు ఒకే ఒక్క విడత యాంటీబయోటిక్ ఇచ్చి చూసింది. బాక్టీరియా అమరిక చాలాకాలం చెదిరింది, ఐజీఏ రావడం ఆలస్యమైంది. ఆ చెదిరిన బాక్టీరియాను ఏ మందూ తగలని ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటిలోనూ అదే ఆలస్యం. పశువులే పలుపు పేనడం నేర్పుతాయన్నమాట.

అప్పుడు న్యూయార్క్‌లో ఉన్న బ్లేజర్, 2019లో రట్గర్స్‌కు వచ్చి పిస్కాటవేలోని అధునాతన జీవసాంకేతిక, వైద్య కేంద్రానికి సారథి అయ్యాడు. స్ట్రెప్టోమైసిన్ డబ్బుతో లేచిన భవనం ఉన్నదీ ఆ బుష్ ప్రాంగణంలోనే.