స్పీకర్ రూలింగ్ (భారత చట్టసభలు)

చట్టసభ నడుస్తుండగా నియమాల అన్వయంపై సందేహం తలెత్తితే సభాధ్యక్ష స్థానంలో ఉన్నవారు ప్రకటించే నిర్ణయాన్ని రూలింగ్ అంటారు. సాధారణంగా ఎవరైనా సభ్యుడు పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తినప్పుడు ఇది వెలువడుతుంది. ఎవరూ అడగకపోయినా స్పీకర్ తనంతట తాను ఇవ్వవచ్చు. రూలింగ్ ఇచ్చాక దానిపై సభలో వాదన ఉండదు. దాన్ని తప్పుపట్టాలంటే నోటీసు ఇచ్చి ప్రత్యేకంగా తీర్మానం పెట్టాల్సిందే. సభ తన నియమాలను తానే రూపొందించుకునే అధికారం రాజ్యాంగం 118వ అధికరణ నుంచి వస్తుంది. కార్యక్రమ లోపాల పేరుతో కోర్టులు జోక్యం చేసుకోకుండా 122వ అధికరణ అడ్డుకుంటుంది. నియమావళిలో ప్రస్తావన లేని విషయాలన్నిటినీ లోక్‌సభ 389వ నియమం స్పీకర్‌కే వదిలేసింది. అలాంటి చోట ఒక స్పీకర్ ఇచ్చిన రూలింగ్ తర్వాతివారికి ఆనవాయితీ అవుతుంది. కొన్ని రూలింగులు కాలక్రమంలో లిఖిత నియమాలుగా కూడా మారాయి.

మూలాలు

ఈ పద్ధతి బ్రిటిష్ హౌస్ ఆఫ్ కామన్స్ నుంచి వచ్చింది. అక్కడ శతాబ్దాలుగా పోగుపడిన సంప్రదాయాలను థామస్ ఎర్‌స్కిన్ మే 1844లో గ్రంథస్థం చేశాడు. 1881 ఫిబ్రవరి 2న, ఐర్లాండ్ సభ్యులు 41 గంటలకు పైగా సాగదీసిన చర్చను స్పీకర్ బ్రాండ్ ఏ లిఖిత నియమమూ లేకుండా తన అధికారంతోనే ముగించి ఓటింగుకు పెట్టాడు. చర్చను ముగించే నియమం ఆ తర్వాతే పుట్టింది.

విఠల్‌భాయ్ పటేల్ కాలం (1925–1930)

1921లో ఏర్పడిన కేంద్ర శాసనసభకు తొలి అధ్యక్షుడు ఫ్రెడరిక్ వైట్ ప్రభుత్వం నియమించిన వ్యక్తి. ఎన్నికైన తొలి అధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్. 1925 ఆగస్టులో జరిగిన ఎన్నికలో ఆయన టి. రంగాచారియార్‌పై 58–56 ఓట్లతో గెలిచారు. పరాయి ప్రభుత్వం ఆధీనంలోని సభలో అధ్యక్ష పీఠానికి స్వతంత్ర గౌరవం సంపాదించిపెట్టిన ఘనత నిస్సందేహంగా ఆయనదే. సభ సిబ్బంది ప్రభుత్వ శాఖ కింద పనిచేస్తే అధ్యక్షుడికి స్వేచ్ఛ ఉండదని పట్టుబట్టి, 1929 జనవరి 10న ప్రత్యేక సచివాలయాన్ని సాధించారు. రూలింగ్ సిద్ధం చేసుకునేందుకు పాత చర్చలను, నిబంధనలను వెతికిపెట్టే సొంత యంత్రాంగం పీఠానికి అలా సమకూరింది.

ఆయన పేరు నిలబెట్టింది ప్రజాభద్రత బిల్లు. విదేశీ కమ్యూనిస్టులను దేశం నుంచి పంపించేందుకు ప్రభుత్వం తెచ్చిన ఆ బిల్లుపై 1928 సెప్టెంబరులో ఓట్లు 61–61గా సమానంగా పడ్డాయి. పటేల్ తన నిర్ణాయక ఓటును బిల్లుకు వ్యతిరేకంగా వేశారు. ఇంత అసాధారణమైన చట్టం కావాలనుకునేవారు సభలో మెజారిటీని తామే కూడగట్టుకోవాలనీ, దాన్ని అధ్యక్షుడి ఓటుతో గట్టెక్కించడం తగదనీ ఆయన కారణం చెప్పారు.

మరుసటి ఏడాది బిల్లు మళ్లీ వచ్చింది. ఈలోగా 1929 మార్చి 20న దేశవ్యాప్తంగా కార్మిక నాయకులను అరెస్టు చేసి మీరట్ కుట్ర కేసు పెట్టారు. కోర్టు విచారణలో ఉన్న విషయాన్ని సభలో ప్రస్తావించరాదన్నది నియమం. బిల్లుకు ప్రభుత్వం చూపే కారణాలూ కేసులోని ఆరోపణలూ ఒకటే కాబట్టి, కేసును తాకకుండా బిల్లును చర్చించడం ఎలాగన్న ప్రశ్న వచ్చింది. పటేల్ వెంటనే రూలింగ్ ఇవ్వలేదు. కేసు తేలేదాకా బిల్లును ఆపండి, లేదా కేసునే ఉపసంహరించుకోండి అని ఏప్రిల్ 2న ప్రభుత్వానికి సలహా ఇచ్చారు. ప్రభుత్వం రెండూ కాదంది. ఏప్రిల్ 8న ఆయన నిర్ణయం ప్రకటించబోతుండగా సందర్శకుల గ్యాలరీ నుంచి భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబులు విసిరారు. చరిత్ర పుస్తకాల్లో ఆ పేలుడుకు దక్కిన చోటు దానికి ముందు ఆగిన రూలింగ్‌కు దక్కలేదు. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 11న పటేల్ నిబ్బరంగా దాన్ని చదివి, బిల్లును చర్చకు అనుమతించలేనని ప్రకటించారు. వైస్రాయ్ ఇర్విన్ మర్నాడే ఉభయ సభలనూ సమావేశపరిచి తన అసమ్మతి తెలిపి, బిల్లులోని అధికారాలను ఆర్డినెన్సు ద్వారా తెచ్చుకున్నాడు.

ఆ రూలింగ్‌లోని సూత్రం యథాతథంగా నిలవలేదు. కోర్టు విచారణ పేరుతో శాసన నిర్మాణాన్ని ఆపకూడదన్నదే నేటి పార్లమెంటు సంప్రదాయం. నిలిచింది ఆ పద్ధతి. ఇరుపక్షాలకూ ముందుగా దారి చూపడం, నియమాన్ని ఉటంకించడం, కారణాలను సభ ముందు విప్పి చెప్పడం తర్వాతి స్పీకర్లకు కొలమానాలయ్యాయి. పటేల్ 1930 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. ఆ తర్వాతి పదిహేనేళ్లలో ఎక్కువ కాలం, 1935 నుంచి 1945 వరకు, అబ్దుర్ రహీం అధ్యక్షుడిగా ఉన్నారు.

మావలంకర్ నుంచి సంజీవరెడ్డి దాకా

1946 జనవరిలో 66–63 ఓట్లతో కేంద్ర శాసనసభ అధ్యక్షుడిగా ఎన్నికైన జి.వి. మావలంకర్, 1952లో తొలి లోక్‌సభ స్పీకర్ అయి 1956లో మరణించేవరకు పదవిలో ఉన్నారు. వలస పాలనలో వాయిదా తీర్మానం ప్రభుత్వాన్ని నిలదీసే ప్రధాన ఆయుధం. సభకు జవాబుదారీగా ఉన్న ప్రభుత్వం వచ్చాక దాన్ని అసాధారణ పరిస్థితుల్లోనే వాడాలని 1950లో ఆయన స్పష్టం చేశారు. ఆ వైఖరే నేటికీ కొనసాగుతోంది. ఒక పక్షాన్ని పార్టీగా గుర్తించాలంటే సభ కోరంతో సమానంగా, అంటే పదో వంతు సభ్యులుండాలన్నది కూడా ఆయన నిర్ణయమే. ఆ కొలత వల్ల 1969 దాకా లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నేతే లేరు. 2014లో 44 మంది సభ్యులున్న కాంగ్రెస్‌కు ఆ హోదా నిరాకరించినప్పుడూ ఈ పదో వంతే ఆధారమైంది. 1954 డిసెంబరు 18న మావలంకర్‌ను తొలగించాలన్న తీర్మానం వచ్చినప్పుడు సభను నడిపింది డిప్యూటీ స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తీర్మానం వీగిపోయింది. తిరుచానూరులో పుట్టిన అయ్యంగారే 1956లో స్పీకర్ అయ్యారు.

1967 మార్చిలో స్పీకరైన నీలం సంజీవరెడ్డి పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. రాష్ట్రపతి ప్రసంగించిన రోజు మరో వ్యవహారం చేపట్టరన్న ఆనవాయితీని పక్కనపెట్టి, అదే రోజు అవిశ్వాస తీర్మానంపై చర్చను అనుమతించారు. పూరీ శంకరాచార్యపై సభలో జరిగిన వ్యాఖ్యల విషయంలో సంజీవరెడ్డితో పాటు సభ్యులపై దావా వేస్తే, సభలో మాట్లాడిన మాటకు కోర్టులో జవాబు చెప్పనక్కర్లేదని 1970లో సుప్రీంకోర్టు తేల్చింది.

తర్వాతి మూడు దశాబ్దాల్లో ప్రధాన మార్పు పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం (1985). ఆ చట్టం కింద స్పీకర్ ఇచ్చే తీర్పులు రూలింగుల కోవలోకి రావు. అవి న్యాయసమీక్షకు లోబడతాయని 1992లో కిహోటో కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది.

బాలయోగి, మూజువాణి ఓటు, అదుపులో లేని సభ

1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వ విశ్వాస పరీక్షలో, రెండు నెలల క్రితమే ఒడిశా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు చెల్లుతుందా అన్న ప్రశ్న వచ్చింది. స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ఆయన్ను నిషేధించలేదు, ఆయన మనస్సాక్షికే వదిలేశారు. ప్రభుత్వం 269–270తో ఓడింది. బాలయోగి సొంత పార్టీ తెలుగుదేశం ప్రభుత్వం వైపు ఓటేసింది. స్వపక్షానికి నష్టం కలిగే అవకాశం కళ్లెదుట ఉన్నా ఆయన సంయమనం పాటించడం గౌరవించదగినది. పీఠం ముందున్న వెల్‌లోకి దూసుకొచ్చి సభను పదేపదే అడ్డుకునే సభ్యులు ఆటోమేటిక్‌గా సస్పెండయ్యే 374ఏ నియమం 2001లో ఆయన హయాంలోనే చేరింది.

2013–14 శీతాకాల సమావేశాల్లో ఆంధ్రప్రదేశ్ విభజనను వ్యతిరేకిస్తూ సీమాంధ్ర ఎంపీలు అవిశ్వాస నోటీసులిచ్చారు. నోటీసుకు మద్దతుగా 50 మంది లేచి నిలబడాలని 198వ నియమం. సభ అదుపులో లేనందున లెక్కించలేనని స్పీకర్ మీరా కుమార్ ప్రకటించడంతో అవి చర్చకు రాలేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో స్పీకర్ నాదెండ్ల మనోహర్ విభజన బిల్లును తిరస్కరించే తీర్మానాన్ని మూజువాణి ఓటుతో ఆమోదింపజేశారు. ఫిబ్రవరి 18న లోక్‌సభ అదే బిల్లును మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. ఇరు ప్రాంతాలవారికీ ఇంత ముఖ్యమైన ప్రశ్నపై, ఎవరు ఎటు నిలిచారో పేరుపేరునా తెలిపే రికార్డు రెండు సభల్లోనూ మిగల్లేదు.

2018 మార్చి 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదాపై తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ ఇచ్చిన అవిశ్వాస నోటీసులకూ ఇదే ఎదురైంది. రిజర్వేషన్ల కోసం తెరాస, కావేరీ బోర్డు కోసం అన్నాడీఎంకే సభ్యులు వెల్‌లో ఉన్నందున లెక్క సాధ్యం కాదంటూ స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజూ సభను వాయిదా వేశారు. నోటీసు ఇచ్చినవారి హక్కు ఇతరుల నినాదాల మీద ఆధారపడటం ఈ ఆనవాయితీలోని పెద్ద లోపం. జూలై 18న సభ కుదుటపడి ఉండగా ఆమె కేశినేని శ్రీనివాస్ నోటీసును అనుమతించారు. 20న రాత్రి తీర్మానం 126–325తో వీగిపోయింది. 2023 జూలై 26న ఓం బిర్లా మాత్రం మణిపూర్‌పై నోటీసు వచ్చిన రోజే నిలబడినవారిని లెక్కించి చర్చకు స్వీకరించారు. ఆగస్టు 10న అది మూజువాణి ఓటుతో వీగిపోయింది.