నిండుట – పూర్తియగుట

గుండుగొలను అను పేరులోనే ఒక కొలను కలదు. ఆ యూరికి దక్షిణముగ కొల్లేరు పరచుకొని యున్నది. నీటి మట్టమును చూచుకొని బ్రదుకు సీమ యిది. ఆంగ్లమున 'కంప్లీట్లీ' అను మాటకు అర్థమేమని అడుగువారిని మేము ఈ సీమకే తోడ్కొని వత్తుము.

ఆ మాటకు మూలము లాటినులో 'నింపుట' అను అర్థము గల ధాతువు. మనము వాడు 'పూర్తి', 'పూర్ణము' అను మాటలు సంస్కృతమునుండి వచ్చినవి. వాని ధాతువునకును నింపుటయే అర్థము. ఈ రెండు ధాతువులును ఒక తల్లి బిడ్డలు. సంస్కృత లాటినుల చుట్టరికమును 1786లో కలకత్తాలో విలియం జోన్సు చాటెను. తెలుగు వేరొక కుటుంబమునకు చెందినదని 1816లో మదరాసున ఎల్లిసు నిరూపించెను. మన సొంత సొత్తు 'నిండు'. మూడు భాషలును సంపూర్ణతను నిండిన పాత్రలోనే చూచినవన్నమాట.

ఇక వాడుకకు వత్తము. ఆంగ్లేయుడు చెరువు నిండినను 'కంప్లీట్లీ' యనును, ఎండినను 'కంప్లీట్లీ' యనును. మనకు 'పూర్తిగా' రెండు చోట్లను చెల్లును గాని, 'బొత్తిగా' అనునది లేమి వైపే మొగ్గును. చెరువు బొత్తిగా ఎండును, బొత్తిగా నిండదు. కనుక అనువాదకుడు మాటకంటె ముందు వస్తువును చూడవలెను: అది పెరుగుచున్నదా, తరుగుచున్నదా?

అంతకంటె కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. ఎంతవరకు నిండినచో పూర్తి? కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు నీరు తెచ్చును. ఉప్పుటేరు దానిని సముద్రమునకు కొనిపోవును. సముద్రమట్టమునకు పదియడుగుల ఎత్తు గీత వరకు కొలిచినచో సరస్సు విస్తీర్ణము 901 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల గీత వరకైనచో 308 మాత్రమే. 1999లో అభయారణ్యమునకు అయిదడుగుల గీతను హద్దుగా నిర్ణయించిరి. 2002లో రామ్‌సర్ పట్టికలో చేరినది మాత్రము 901 చదరపు కిలోమీటర్లు. 2006లో అభయారణ్యము లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము కొట్టించినది. తాము గీతకు ఏ వైపున నున్నామనుటపై ఎందరి జీవనమో ఆధారపడెను. పక్షులకును ఆ గీతయే గూడు.

కాబట్టి 'పూర్తిగా' అని వ్రాయునపుడు, ఏ గట్టు వరకో కూడ వ్రాయుట న్యాయము.