మెరక ఎవరిది? గోదావరి లంకల్లో వరద సాయం, దాని హద్దులు

గోదావరికి పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో రెండు వార్తలు తప్పకుండా కనిపిస్తాయి. లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయన్నది ఒకటి, దాతలు ముందుకొచ్చారన్నది రెండోది. ఈ రెండింటి మధ్య జరిగేది రాతకు ఎక్కదు. అధికారుల పడవ రాకముందే ఎవరి గేదెలు ఏ గట్టు మీదికి చేరాయి, ఎవరి డాబా మీద ఎన్ని కుటుంబాలు తలదాచుకున్నాయి, ఆ డాబా మెట్లెక్కే చనువు ఎవరికుంది, ఎవరికి లేదు అన్నవి ఈ వ్యాసంలోని ప్రశ్నలు. ఆపద వేళ మనుషులు ఒకరికొకరు సాయపడతారన్నది నిజమే. అయితే ఆ సాయం ఏడాది పొడవునా నడిచే చుట్టరికాలు, కౌళ్లు, చేబదుళ్ల దారుల్లోనే నడుస్తుందని నా వాదన. అందుకే అది కొందరికి గంటల్లో అందుతుంది, కొందరికి రోజులు గడిచినా అందదు.

ముందు నేల సంగతి చూడాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడివడుతుంది. ఈ పాయల మధ్యా ఒడ్ల వెంటా ఒండ్రు మేటవేసి ఏర్పడిన నేలలే లంకలు. అరటి, కంద, కూరగాయలు, కొబ్బరి ఇక్కడ విరగకాస్తాయి. 1852 నాటికి కాటన్ ఆనకట్ట పూర్తయింది. డెల్టా పొలాలను కాపాడే ఏటిగట్లను ఆ తర్వాత తరతరాలుగా బలపరుస్తూ, పెద్ద వరద వచ్చినప్పుడల్లా ఎత్తు పెంచుతూ వచ్చారు. గట్టుకు బయట ఉన్న ఊరికి అది రక్షణ. ఏటి వైపు మిగిలిపోయిన లంకకు మాత్రం అదే గట్టు నీటిని పక్కకు పరుచుకోనివ్వని గోడ. డెల్టాకు భద్రత తెచ్చిన ఏర్పాటులోనే లంకల ముంపు కూడా ఇమిడి ఉంది. కాబట్టి దీన్ని ప్రకృతి వైపరీత్యం అన్న ఒక్క మాటతో సరిపెట్టడం నాకు సమ్మతం కాదు.

ఎగువన భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. అక్కడి నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది. 1990 ఆగస్టులో 70.8 అడుగులు నమోదైంది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరి, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదలాల్సి వచ్చింది. ఈ అంకెల కంటే నెలలను గమనించాలి. 1953, 1986, 1990, 2006 వరదలన్నీ ఆగస్టువే. పెద్ద గోదారి శ్రావణ భాద్రపదాల్లో వస్తుందన్నది లంక రైతు లెక్క. కూరగాయల కోత, పశువుల తరలింపు, ఎండుగడ్డి నిల్వ అన్నీ ఆ లెక్క ప్రకారమే సాగుతాయి. 2022లో నది ఆషాఢంలోనే విరుచుకుపడింది. పైగా జులై 13 పౌర్ణమి. పౌర్ణమి, అమావాస్యల పోటు మీదున్నప్పుడు సముద్రం ఏటి నీటిని త్వరగా లోపలికి తీసుకోదు. లంకల మీద నీరు నిలవడానికి ఎగువ వానలతోపాటు అదీ తోడవుతుంది.

భద్రాచలంలో పెరిగిన నీరు డెల్టాలోని కోనసీమకు చేరడానికి కొంత వ్యవధి ఉంటుంది. లంకల్లో సాయం సగం ఆ వ్యవధిలోనే జరిగిపోతుంది. ఎర్రనీరు రాగానే ముందు కదిలేవి పశువులు. వాటిని ఏటిగట్టు ఎక్కించి గుంజలు పాతి కడతారు. ధాన్యం, బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అటక మీదికి చేరతాయి. ముసలివాళ్లను, బాలింతలను గట్టు అవతల బంధువుల ఇళ్లకు పంపిస్తారు. మగవాళ్లలో కొందరు కదలరు. వీళ్లను మొండివాళ్లని అధికారులు విసుక్కోవడం మామూలే. కానీ ఇంట్లో మిగిలిన సామాను, చూరుకు కట్టిన మోటారు, గట్టెక్కించలేకపోయిన దూడ వాళ్ల సంపాదన మొత్తం. దాన్ని వదిలిరావడానికి ఎవరి కాలూ సాగదు. పెంకుటింట్లోకి మోకాటిలోతు వచ్చేదాకా మంచం కాళ్ల కింద ఇటుకలు పేర్చుకుంటూ పోతారు. నడుంలోతు వచ్చాక పొరుగువారి డాబా ఎక్కుతారు.

ఈ డాబాయే అసలు విషయం. లంకలో రెండంతస్తుల ఇల్లు వరద రోజుల్లో ఊరుమ్మడి స్థలం అవుతుంది. ఒకే పొయ్యి మీద నాలుగైదు ఇళ్ల వాళ్లకు గంజి కాగుతుంది. టార్పాలిన్ పట్టా కింద అందరూ పడుకుంటారు. చుట్టూ నది ఉన్నా తాగడానికి చుక్క ఉండదు, బోర్లు మునిగిపోతాయి. అక్కడ ఆడవాళ్ల అవస్థ సహాయ నివేదికల్లో అరుదుగా కనిపిస్తుంది. మరుగుదొడ్డి నీళ్లలో ఉంటుంది. చీకటి పడేదాకా ఆగడం, ఆగాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేయడం వాళ్లకు తప్పదు. పులిహోర పొట్లాల పంపిణీకి ఫొటోలు ఉంటాయి. దీనికి మాత్రం ఏర్పాటే ఉండదు. సహాయ శిబిరాల ప్రణాళికలో ఇది మొదటి వరుసలో ఉండాల్సిన సంగతని గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

డాబా ఎవరికి ఉంటుంది? సొంత భూమి ఉన్నవారికో, గల్ఫ్ నుంచి డబ్బు వచ్చిన ఇంటికో. చాలా ఊళ్లలో దళితవాడలు, మత్స్యకారుల పేటలు పల్లంలోనో ఏటి అంచునో ఉంటాయి. నీరు ముందు చేరేది అక్కడికే, చివర తీసేదీ అక్కడే. రాజకీయ శాస్త్రవేత్త డేనియల్ ఆల్డ్రిచ్ 2004 సునామీ తర్వాత తమిళనాడు తీర గ్రామాలను పరిశీలించి, లోపల గట్టి ఐకమత్యం ఉన్న ఊళ్లు త్వరగా కోలుకున్నాయని, అదే ఐకమత్యం దళితులను, ఇతర బలహీనులను సహాయం జాబితాల బయట నిలబెట్టిందని చూపించాడు. లంకలకూ ఈ పరిశీలన వర్తిస్తుందనే అనుకుంటున్నాను. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద కులాల మధ్య రాజుకున్న గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. రెండు నెలలైనా తిరగకముందే అదే జిల్లాను వరద ముంచింది. ఊరంతా ఒక్కటైందని రాయడం తేలిక. ఎవరు ఎవరి మెట్లెక్కారో వాడవారీగా నమోదు చేసే పని పరిశోధకులది.

పల్లంలోని వాళ్లు సాయం పొందేవాళ్లు మాత్రమే అనుకుంటే పెద్ద పొరపాటు. లంకల్లో పడవ నడపగల నేర్పు ఎక్కువగా మత్స్యకారులదే. కనకాయలంక కాజ్‌వే, ఎదురుబిడియం కాజ్‌వే మునిగి, జి.పెదపూడి దగ్గర తాత్కాలిక బాట కొట్టుకుపోయాక అవతలి ఊళ్లకు ఇంజను పడవ, నాటు పడవ తప్ప దారి లేదు. సుడి ఎక్కడుందో, మునిగిన కొబ్బరితోటలో ఏ వరసల మధ్య నుంచి పడవ పోతుందో, తెగిన కరెంటు తీగ ఎక్కడ వేలాడుతోందో వాళ్లకు తెలుస్తుంది. బయటి నుంచి వచ్చే రక్షణ దళాలకు కూడా ఈ తెలివిడే ఆధారం. 2022లో రాజోలు వైపు ఏటిగట్టు మీదికి నీరు ఎగదన్నినప్పుడు చుట్టుపక్కల జనం రాత్రంతా ఇసుక బస్తాలు మోసి గట్టు నిలబెట్టారు. గండి పడితే మునిగేది గట్టు బయటి ఊళ్లే కాబట్టి ఆ శ్రమలో స్వార్థం కూడా ఉంది. స్వార్థం ఉన్నంత మాత్రాన సాయం విలువ తగ్గదు. ఇంకొకరి ఆపద తన ఆపద కూడా అయినచోటే సాయం ఎక్కువ కాలం నిలుస్తుంది.

మూడో రోజుకు అవసరాలు మారిపోతాయి. అప్పటికి అన్నం పొట్లాలు రోడ్డు చివర గుట్టలు పడతాయి, లోపలి లంకకు చేరవు. కొరత పడేది మేతకు. ఎండుగడ్డి తడిసి కుళ్లుతుంది, పచ్చగడ్డి బురద కింద ఉంటుంది. గట్టు మీద కట్టేసిన గేదె వట్టిపోతే ఆ ఇంటికి వరద నష్టం మరో ఏడాది సాగుతుంది. ప్రభుత్వం మేత పంపిస్తుంది కానీ అదీ దారి ఉన్నంత మేరకే. దాతలు పులిహోరకు బదులు మెరక ఊళ్లలో గడ్డి కొని పడవలకెత్తితే ఎక్కువ మేలు జరుగుతుంది.

నీరు తీశాక అసలు పని మొదలవుతుంది. ఇంట్లో పేరుకున్న బురదను తడి ఆరకముందే ఎత్తాలి. ఆరితే పారకు కూడా లొంగదు. ఈ దశలో దాతలు కనిపించరు, పొరుగువారే మిగులుతారు. 2022లో ప్రభుత్వం ముంపు కుటుంబానికి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ పూటకు అది ఉపయోగమే. పంట నష్టం కథ వేరు. 33 శాతం, ఆపైన నష్టపోతేనే పెట్టుబడి రాయితీ వస్తుంది. లంకల్లో సాగు చాలావరకు కౌలుదారులది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఆ రాయితీకి అవసరమైన 11 నెలల సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. హక్కు పోతుందేమోనన్న భయంతో పెట్టనివారు ఎక్కువ. వరదలో కౌలురైతుకు డాబా మీద చోటిచ్చిన యజమానే సంతకం దగ్గర వెనకడుగు వేయవచ్చు. చోటు ఇవ్వడం, హక్కు ఇవ్వడం ఒకటి కావని లంక కౌలురైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎగువన ఏజెన్సీలో పరిస్థితి ఇంకా కఠినం. గోదావరి నిండుగా ఉంటే కూనవరం దగ్గర కలిసే శబరి వెనక్కి తన్ని చింతూరును ముంచుతుంది. అక్కడి కోయ, కొండరెడ్డి గూడేలకు డాబాలు లేవు, గట్లు లేవు. 2022లో వాళ్లు కొండలెక్కి పట్టాలు కట్టుకుని గడిపారు. వాళ్లకు మెరక అంటే ఇన్నాళ్లూ ఉమ్మడిది, అడగకుండా ఎక్కగలిగిన కొండ. పోలవరం జలాశయం 45.72 మీటర్లకు నిండితే ఈ గూడేల్లో చాలావరకు పునరావాస కాలనీలకు తరలాల్సిందే. 2013 భూసేకరణ చట్టం గిరిజన కుటుంబాలను సాధ్యమైనంత వరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో ఒకేచోట స్థిరపరచాలని చెబుతోంది. వరద రాత్రి ఎవరు ఎవరి పేరు పెట్టి కేకేస్తారన్నది ఆ నిబంధన అమలును బట్టే తేలుతుంది. కాలనీల్లో ఇళ్ల కేటాయింపు లాటరీ వరసలో కాక గూడెం వారీగా జరిగిందా అన్నది ఏ కాలనీకి ఆ కాలనీగా నమోదు కావాలి. ఇళ్లు ఎన్ని కట్టారన్న లెక్కతో పాటు ఈ లెక్క కూడా పునరావాస నివేదికల్లో ఉండాలి.