చెట్ల కంటే పాత తొవ్వ

నారాయణఖేడ్ వైపు పాత అడవి తొవ్వలు వెతకడానికి పోతున్నానంటే మా సైకిల్ దోస్తులు నవ్వారు. అక్కడ అడవెక్కడిది అన్నారు. నిజమే. ఖేడ్ చుట్టూ కనిపించేది ఎర్రమొరం గుట్టలు, నల్లరేగడి పొలాలు, కంది, పత్తి, చెరుకు. అడవి కావాలంటే తూర్పుకు పోయి, మెదక్ దాటి, పోచారం అభయారణ్యం చేరాలి. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి. ఒకప్పుడు నిజాం వేట కోసం ఉంచుకున్నది. 1916, 1922 మధ్య ఆలేరు వాగుకు కట్ట వేసి చేసిన చెరువు పేరే అడవికీ వచ్చింది.

ఈ రెండు చోట్ల మధ్య రెండు చలికాలాలు సైకిల్ తొక్కాను, సైకిల్ పోని చోట నడిచాను. పురాతన అరణ్యం అనగానే మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది: ఆకాశం కనపడని కొమ్మలు, నలుగురు చేతులు పట్టుకుంటే గానీ అందని మాను. పోచారంలో అది దొరకదు. టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, మోదుగ. ఎండాకాలానికి ఆకంతా రాల్చేసి ఎముకల్లా నిలబడే పొడి అడవి. టేకు మోడు దగ్గర కూర్చుని చూస్తే సంగతి తెలుస్తుంది. నరికిన మొదలు చుట్టూ మూడు నాలుగు సన్నటి కాండాలు లేచి ఉంటాయి. పైన ఉన్నది మన ఈడుదే కావచ్చు, కింద వేరు తాతల నాటిది. ఇలాంటి అడవి వయసు మాను లావుతో కొలిస్తే తేలదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే: ఈ చెట్ల మధ్య నుంచి పోయే తొవ్వ వయసెంత?

ఖేడ్ నేల ఎప్పుడూ మధ్య నేలే. ఒక పక్క బీదర్, ఇంకో పక్క మెదక్ కోట, దక్షిణాన గోల్కొండ. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌కి వచ్చింది, 2016లో సంగారెడ్డికి పోయింది. ఇప్పటికీ ఖేడ్ బజార్లో పావుగంట నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. ఇన్ని భాషలు ఒకచోట కలిశాయంటే అక్కడ ఎన్నో తొవ్వలు కలిశాయన్నమాట.

ఆ తొవ్వల మీద సరుకు మోసింది ఎక్కువగా బంజారాలు, మనం లంబాడీలు అనేవాళ్లు. 17వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ పది, పన్నెండు వేల ఎడ్ల బిడారులు చూశానని రాశాడు. ఒక్కో తెగ ఒక్కటే సరుకు మోసేదట: ఒకరు బియ్యం, ఒకరు ధాన్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు. ఇరుకు దారిలో బిడారు ఎదురైతే అది పూర్తిగా దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. (ట్రాఫిక్ జామ్ మన కనిపెట్టుడు కాదు!) మొగలు సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినా, 1799లో శ్రీరంగపట్నం మీదికి ఇంగ్లీషువాళ్లు పోయినా, తిండి మోసింది వీళ్ల ఎడ్లే.

ఇంత దూరం ఇంత బరువు అంత చవకగా ఎట్లా మోశారన్నది అసలు విషయం. జవాబు అడవిలో ఉంది. ఎద్దుకు దాణా కొంటే ఉప్పు ధర ఊరికి చేరేసరికి ఆకాశాన్ని అంటుతుంది. కొనలేదు. ఎడ్లు నడుస్తూ మేశాయి, మేస్తూ నడిచాయి. అందుకే బిడారు రోజుకు కొద్ది మైళ్లే కదిలేది, గడ్డీ నీళ్లూ ఉన్న చోటు చూసుకుని దిగేది. చరిత్ర పుస్తకాల్లో వర్తక మార్గాలను గీతలుగా గీస్తారు గానీ, ఎద్దుకు గీత సరిపోదు, గడ్డి ఉన్న వెడల్పాటి నేల కావాలి. ఆ నేల అడవీ దాని అంచులూ.

ఖేడ్ దగ్గర ఒక తండాలో పెద్దాయన్ని అడిగాను, పాత తొవ్వ ఎటు పోయేది నాయక్ తాతా అని. ఆయన ఒక్క ఊరి పేరూ చెప్పలేదు. "మా తాతలు ఊళ్లు లెక్కపెట్టలే బిడ్డా, నీళ్లు లెక్కపెట్టిండ్రు" అని, వేళ్లు మడుస్తూ కుంటలు, వాగులు, ఒక ఊటబావి వరసగా చెప్పుకుంటూ పోయాడు. నేను ఫోన్లో మ్యాప్ తెరిచి వెంటపడ్డాను. కొన్ని దొరికాయి. కొన్ని మ్యాప్‌కి తెలియవు.

తండా అన్న మాటకు మొదటి అర్థం ఊరు కాదు, కదిలే బిడారు. ఆ మాట ఎట్లా ఊరైందన్నదే ఈ నేల చరిత్రలో సగం. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1900లో గోదావరి లోయ రైలు మన్మాడ్ దాకా పోయింది. ఎద్దు మీద ఉప్పు మోసేవాడికి ఇక బేరం లేదు. ఈలోగా 1871లో బ్రిటిష్ ఇండియాలో నేరస్థ తెగల చట్టం వచ్చి, తిరిగేవాళ్లంటేనే అనుమానం అనే పద్ధతి మొదలైంది. తండా దిగింది, మళ్లీ లేవలేదు.

దిగిన చోట అడవి ఇంకొకరిదైంది. ఎక్కువమంది పట్టించుకోని ముక్క ఇది. అడవిని రిజర్వు చేసేటప్పుడు ప్రభుత్వం ఒక ప్రకటన ఇస్తుంది. ఇందులో ఎవరికైనా దారి హక్కు, మేత హక్కు, నీటి హక్కు ఉంటే గడువులోగా అధికారి ముందు చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే పోయినట్టే. 1878 భారత అటవీ చట్టం నుంచి మన 1967 చట్టం దాకా ఇదే పద్ధతి. చదవడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఏడాదికోసారి ఆ దారిన పోయే బిడారు, కొన్ని నెలల గడువులో, ఏ ఊరి చావడి గోడ మీద ఆ కాగితం చదువుతుంది? ఎక్కడా ఉండనివాడి హక్కు ఎక్కడ రాసుకుంటారు? నిజాం రాజ్యంలోనూ 1355 ఫసలీ, అంటే 1945 ప్రాంతంలో, అటవీ చట్టం వచ్చింది. ఒకప్పుడు ఎడ్లకు తిండి పెట్టిన అడవిలో మేపడానికి తర్వాత బంచరాయి పన్ను, అది కట్టకపోతే బందెలదొడ్డి.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. నవాబు వేటకు కాపలా పెట్టకపోతే పోచారంలో దుప్పి గానీ, కొండగొర్రె గానీ మిగిలేవా అంటే, నమ్మకంగా అవుననలేను. ప్రపంచంలో పేరున్న పాత అడవుల కథా ఇలాంటిదే. పోలండ్, బెలారస్ సరిహద్దులో బియలోవియెజా అనే అడవి ఉంది. యూరప్ మైదానాల్లో ఆదిమ అడవి అంటే ముందు దాని పేరే చెబుతారు. పోలండ్ రాజులు, తర్వాత రష్యా జార్లు వేట కోసం దాచుకున్నారు కాబట్టి నిలిచింది. అక్కడ మాను తొర్రల్లో తేనెటీగలు సాకేవాళ్ల పని మాత్రం 19వ శతాబ్దం చివరికల్లా ఆగిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు అడవి దున్నల్ని తిండికి వేటాడేశారు, చివరిది 1919లో పోయింది. మళ్లీ తెచ్చి పెంచారు. ఈరోజు సైకిళ్ల మీద, కాలినడకన జనం గుర్తులు పెట్టిన దారుల్లో తిరుగుతారు. గట్టి రక్షణ ఉన్న నడిమి భాగంలోకి గైడ్ లేనిదే పోనివ్వరు. రాజు దాచిన అడవి చివరికి సెలవు రోజు నడిచేవాళ్లకు దక్కింది.

మన దగ్గరా అదే వరస మొదలైంది. నర్సాపూర్ అడవి, అనంతగిరి, పోచారం... ఆదివారం తెల్లారితే హైదరాబాద్ నుంచి సైకిళ్లు కార్ల వెనక వేలాడుతూ వస్తాయి. నేనూ ఆ గుంపులో వాడినే. దాన్ని వెక్కిరించే ఉద్దేశం లేదు. సమస్యల్లా ఏమిటంటే, దారులకు బోర్డులు పెట్టేటప్పుడు పక్షుల పేర్లు రాస్తాం, చెట్ల శాస్త్రీయ నామాలు రాస్తాం, ఆ దారి వేసిన కాళ్ల సంగతి రాయం. పైగా అదే దారిన నా హెల్మెట్ పర్యావరణ పర్యటన, తండా పిల్లవాడి మేకలు ఆక్రమణ.

దసరా దాటాక ఖేడ్ తండాలు సగం ఖాళీ అవుతాయి. చెరుకు నరకడానికి ట్రాక్టర్లలో, లారీల్లో సామాను, ముసలివాళ్లు, పసిపిల్లలతో సహా ఫ్యాక్టరీల వైపు, పక్క రాష్ట్రాలకు పోతారు. తండా మళ్లీ పాత అర్థంలోకి పోయినట్టు ఉంటుంది, ఎడ్లు లేవు, అడవి లేదు.

2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్లో ఒక మాట ఉంది. మేత హక్కు, సంచార జాతులు రుతువును బట్టి అడవిని వాడుకునే హక్కు కూడా హక్కులేనని. లంబాడీలు 1976 నుంచి ఇక్కడ షెడ్యూల్డు తెగే. ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో సాక్ష్యాల జాబితా కూడా ఉంది. కాగితాలు ఒక్కటే కాదు, సంప్రదాయంగా మేపిన నేలలు, పవిత్రమైన చెట్లు, కుంటలు, శ్మశానాలు, ఇంకా రాసి పెట్టిన పెద్దల వాంగ్మూలం. అంటే నాయక్ తాత వేళ్లు మడుస్తూ చెప్పిన నీళ్ల లెక్క, గ్రామసభలో రాసి పెడితే, చట్టం ముందు సాక్ష్యం. నా ఫోన్లో పదకొండు పేర్లున్నాయి. వాటిలో నాలుగు ఇంకా వెతకాలి.