ముందు ఏది చేయాలి? తాలీం నుంచి జిమ్ దాకా ఒక వరస కథ

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాకు అరవై రెండు దాటాయి. రెండేళ్లుగా జిమ్‌కు పోతున్నాను. చేతులు గట్టిపడ్డాయి, ఛాతీ నిండింది. కానీ పెళ్లి బంతిలో కింద కూర్చుంటే మాత్రం లేవడానికి గోడ కావాలి. జిమ్‌లో నా వరస ఇది: ముందు ఛాతీ, తర్వాత చేతులు, చివర్న ఓపికుంటే కాళ్లు. ఈ వరస ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు, అక్కడి కుర్రాళ్లను చూసి నేనే పట్టుకున్నాను.

మా తాత ఉస్మాన్‌షాహీ మిల్లు కార్మికుడు, తాలీం మనిషి. పాత తాలీంలలో పొద్దున్నే మట్టిలో కుస్తీ, సాయంత్రం దండ్-బైఠక్. (మన ఆంధ్ర చుట్టాలు బైఠక్‌ను బస్కీ అంటారు, తీయించే చెమట ఒకటే.) అసలు విద్య కుస్తీ కాబట్టి ఒళ్లు తాజాగా ఉన్న వేళ దానికిచ్చారు. దీని వెనక శాస్త్రం ఏమిటని ఉస్తాదును అడిగితే చెంప పగిలేదనుకోండి.

బరువులెత్తే పోటీల్లో వరసను రూలే నిర్ణయిస్తుంది. 1972 దాకా ఒలింపిక్స్‌లో మూడు ఎత్తుళ్లు ఉండేవి: ముందు ప్రెస్, తర్వాత స్నాచ్, చివర్న క్లీన్ అండ్ జెర్క్. ప్రెస్‌లో నడుము ఎంత వెనక్కి వంచితే తప్పో తేల్చలేక జడ్జీలు తల పట్టుకున్నారు. మ్యూనిక్ తర్వాత దాన్ని తీసేశారు. అప్పటినుంచి స్నాచ్ ముందు, జెర్క్ వెనక. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, తర్వాత జెర్క్‌లో 130 ఎత్తింది. ఆఖరి ప్రయత్నంలో 137.5 నిలవలేదు. మొత్తం 240 కిలోలతో కాంస్యం, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ. ఆ ఆఖరి బరువు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒంట్లో ఎన్ని ఎత్తుళ్ల అలసట ఉందో ఆలోచించండి.

ఆసుపత్రుల్లో ఇంకో రకం వాదన నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల మోకాళ్లకు బలం తెప్పించడానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డీలార్మ్ బరువులు వాడాడు, 1945లో దాన్ని ప్రచురించాడు. తర్వాత ఆయన పద్ధతి మూడు సెట్లకు కుదిరింది. పదిసార్లు ఎత్తగల బరువులో ముందు సగం, తర్వాత ముప్పాతిక, చివర్న పూర్తి బరువు. 1951లో ఆక్స్‌ఫర్డ్ పద్ధతి పేరుతో జినోవీఫ్ దీన్ని తలకిందులు చేశాడు. కండ అలిసే కొద్దీ బరువు తగ్గాలి కాబట్టి పెద్దది ముందు ఎత్తాలన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నాకైతే మొదటిదే నచ్చింది. చల్లటి మోకాలి మీద పెద్ద బరువు పెట్టే ధైర్యం నాకు లేదు.

ఇదంతా ఒకే కసరత్తులో బరువుల వరస. ఏ కసరత్తు ముందు, ఏది వెనక అన్నది పరిశోధకులు గట్టిగా పట్టించుకున్నది చాలా తర్వాత. పెద్ద కండలు ముందా, చిన్నవి ముందా అని 1996లో స్ఫోర్జో, టూయీ పరీక్షించారు. చిన్న కండలను ముందే అలవగొడితే ఆ తర్వాత పెద్ద కసరత్తులో బలం పడిపోయింది. ఆపైన బ్రెజిల్ వాళ్లు దీని మీద చాలా పనిచేశారు. 2021లో నూనెస్ బృందం పదకొండు అధ్యయనాలను కలిపి చూసింది. కండ లావు పెరగడంలో వరసతో పెద్ద తేడా లేదు. బలం మాత్రం ముందు చేసినదాంట్లోనే ఎక్కువ పెరిగింది. అది పెద్ద కండా చిన్న కండా అన్నది కాదు, ముందు చేశారా లేదా అన్నదే లెక్క.

ఇది చదివాక నా వరస తిప్పేశాను. కాసేపు నడిచి ఒళ్లు వేడెక్కాక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పది చొప్పున మూడుసార్లు. ఆ తర్వాతే ఛాతీ, చేతులు. కుర్రాళ్లు నవ్వారు, నవ్వనీ. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా నన్ను చూసి మొదలుపెట్టకండి.

నాలుగు నెలలైంది. మొన్న నిజామాబాద్‌లో మేనకోడలి ఇంట్లో కింద కూర్చుని భోంచేశాను. లేచేటప్పుడు అల్లుడు అలవాటుగా చెయ్యి అందించాడు. ఆ చేతిలో నా ఎంగిలి విస్తరి పెట్టి లేచాను.